అతిథి వేరు

అకనిసి పందొమ్మిదేళ్ళుగా సువా రేవు పట్నంలోని ఓ లాబ్‌లో మూలికల్లోనూ వాటి సారాల్లోనూ పురుగుమందు మిగిలిందేమో పరీక్షిస్తోంది. ఆమె సంతకం పడితేనే సరుకు ఓడెక్కేది. కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజే ఒక మాట చెప్పేది: "ఎవరు చేతికిచ్చినా నమూనా తీసుకోకండమ్మా. ప్రతి సంచిలోనూ మీ చెయ్యే దూర్చండి." చెప్పడానికేం, ఎన్నైనా చెప్పొచ్చు.

కందవు దీవిలో ఆమె అమ్మ పుట్టిన ఊరు మొదటిసారి సారం తీసే ఫ్యాక్టరీకి, దంచి నీళ్ళలో పిసికి తాగే కావా వేర్లు పంపుతోంది. నమూనా తేవడానికి ఆమే వెళ్ళింది. ఇరవై రెండు సంచులు వరసగా ఉన్నాయి. ఆమె వాటి దగ్గరికి వెళ్ళేలోపే మేనమామ వైసాకె ఎర్రగుడ్డతో కట్టిన వేర్ల కట్ట రెండు చేతులా అందించాడు. ఊరిపెద్ద ముందు పెట్టడానికి విడిగా పెంచుకునే వేర్లవి. వాటి దరిదాపుల్లో ఎవరూ మందు కొట్టరు. ఇంటికొచ్చినవాళ్ళకు మేలైనదే ఇవ్వాలన్నది తప్ప పాపం ఆయనకు వేరే ఆలోచన లేదు. ఆ సంగతి అకనిసికీ తెలుసు. ఇచ్చినది పక్కన పెట్టి సంచులు విప్పమంటే ఆయన మొహం మీద కొట్టినట్టుంటుందని మొహమాటపడి, ఆ కట్టే తెచ్చింది. పరీక్షలో అది కడిగిన ముత్యంలా తేలింది. సంతకం పెట్టేసింది.

రెండు నెలలకు, ఆ సంచుల్లోంచి తీసిన సారమంతా పురుగుమందు ఉందని న్యూజీలాండ్ నుంచి తిరిగొచ్చింది. ఆ ఊరి సరుకు ఇక వద్దన్నారు.

"మంచి వేరు మనకిచ్చి టోపీ పెట్టారన్నమాట మీ ఊరివాళ్ళు!" అన్నాడు లాబ్ అధికారి రొనీల్.

అకనిసి నోరు విప్పలేదు. కంచం ముందు కూర్చున్నా, చర్చిలో మోకరిల్లినా ఆ మౌనమే గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయేది. సొంత మేనమామను దొంగను చేసి తాను పెద్దమనిషిలా తిరుగుతోంది మరి.

మరుసటి వారం వైసాకె పడవ దిగి నేరుగా లాబ్‌కే వచ్చాడు. గుమ్మం బయట చెప్పులు విడిచి, అందరూ చూస్తుండగా నేల మీద బాసింపట్టు వేసుకుని, తల వంచి, కావా కట్ట ఆమె ముందుంచాడు.

"మందు మనవాళ్ళే కొట్టారు తల్లీ. నేను కనుక్కోలేదు. నీ పేరు చెడగొట్టాం. క్షమించు."

ఆ కట్టను అందుకుంటే క్షమించినట్టు. తప్పు ఆయనదేనని ఒప్పుకున్నట్టు కూడా. అకనిసి ఎదురుగా నేల మీద కూర్చుని, క్షమాపణ తనదే అన్నట్టు కట్టను ఆయన వైపు జరిపింది.

"రొనీల్ సార్, ఈయన మోసం చెయ్యలేదు. అతిథికిచ్చే వేరు ఇచ్చాడు. అది నాకు అప్పుడే తెలుసు. సంచుల్లో చెయ్యి పెట్టంది నేను."

వైసాకె తలెత్తాడు. "తెలుసా? మరి ఒక్క మాట అడగలేకపోయావా?"

"నీకు చిన్నతనంగా ఉంటుందని, మావయ్యా."

"పిచ్చిదానా, మేనకోడలు అడిగితే మేనమామ కాదనే ఆచారం మనలో ఎక్కడుందే? ఇరవై రెండు సంచులూ నీ కాళ్ళ దగ్గర కుమ్మరించేవాణ్ణి కదా!"

కట్టను మాత్రం ఆయన ఇంకా అందుకోలేదు.