పెట్రోలు లేని స్కూటర్ మీద పరీక్షకి

మా పెదనాన్నగారు ఏ వస్తువు ధర చెప్పినా కొబ్బరికాయల్లోనే చెప్పేవారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో కాయ ధర పడిపోతూ, పెట్రోలు ధర పెరుగుతూ ఉండేది. పేపర్లో కొత్త రేటు కనబడగానే అరుగు మీద నుంచి కేకేసేవారు. "ఏమేవ్, లీటరు పోయించాలంటే ఇంకో చెట్టు కాయలు దింపించాలే!" మా పెద్దమ్మ వంటింట్లోంచే, "మరి గ్యాసుబండ సంగతో?" అనేది. దానికి ఆయన పేపరు మడిచి విసిరేసేవారు. ఆ కోపమూ ప్రభుత్వం ఖాతాలోనే పడేది.

ఆ ఏడాది పెట్రోలు మీద పన్ను మళ్లీ పెంచారని తెలిసి, చుట్టుపక్కల రైతులంతా అమలాపురం పొలిమేరలో కాలవ వంతెన మీద రాస్తారోకో తలపెట్టారు. పెదనాన్నగారి స్కూటర్‌కి తాళ్లు కట్టి లాగుతూ ఊరేగించాలని తీర్మానం. సరిగ్గా ఆ రోజే నాకు ఇంటర్ లెక్కల పరీక్ష. అంతకుముందు ఏడాది ఆ పేపరు తప్పాను. ఈసారీ పోతే చదువు మానిపించేస్తానని మా నాన్న తేల్చి చెప్పేశారు. అందుకని పెదనాన్నగారు రాస్తారోకో వేళనే వెనక్కి జరిపించారు. "మా అమ్మాయికి పరీక్షండి. మొదటి బస్సుకి వెళ్లిపోద్ది. రెండో బస్సు నుంచీ ఆపుదాం" అని అందరినీ ఒప్పించారు. ఇలా వీలు చూసుకుని చేసే పోరాటం మా వైపు తప్ప ఇంకెక్కడైనా ఉంటుందా అని ఇప్పటికీ నవ్వొస్తుంది.

అయితే రాస్తారోకో కబురు విని డిపోవాళ్లు మొదటి బస్సు రద్దు చేశారు. వేరే దారి లేక నేను రెండో బస్సెక్కాను.

వంతెన దగ్గర బస్సు ఆగిపోయింది. రోడ్డుకి అడ్డంగా ఎడ్లబళ్లు పెట్టి, ఎడ్లను విప్పి గట్టు మీద మేతకి తోలేశారు. మా వెనక లారీలు బారులు తీరాయి. ఉద్యమకారులేమో కిటికీల దగ్గరికొచ్చి, "ఏమీ అనుకోకండి, ఎండగా ఉంది, పుచ్చుకోండి" అంటూ బొండాలు కొట్టి అందిస్తున్నారు. మొదటి బొండం డ్రైవరుగారికే! నాకు ఒళ్లు మండిపోయింది. బస్సు దిగి, జనాన్ని తోసుకుంటూ వెళ్లి పెదనాన్నగారి ఎదుట నిలబడ్డాను.

ఆయన మొహం పాలిపోయింది. "నువ్వింకా ఇక్కడున్నావేంటమ్మా?"

"మీరే ఆపేరు కదా పెదనాన్నగారూ!" అని భోరుమన్నాను.

"స్కూటరుంది కదండీ, దింపేసి రండి" అన్నారెవరో. అక్కడే వచ్చింది చిక్కు. ట్యాంకులో పెట్రోలు ఉంచుకుని బండిని తాళ్లతో లాగించడం జనాన్ని మోసం చెయ్యడమేనని, ఉన్న కాస్తా పొద్దున్నే సీసాలోకి వంపేసి ఇంట్లో పెట్టి వచ్చారు మా పెదనాన్నగారు. బంకులు చూస్తే బందు. ఒకరి నిజాయితీ మీద నాకంత కోపం ఎప్పుడూ రాలేదు.

"తాళ్లు కట్టే ఉన్నాయి కదండి" అన్నాడు ముందున్న రైతు. "ఊరేగింపేదో కాలేజీకే పోనిద్దాం."

"ఆయ్, అంతేనండి" అన్నారు మిగతావాళ్లు.

పెదనాన్నగారు హ్యాండిల్ పట్టుకున్నారు. నేను వెనక కూర్చున్నాను. పంచెలు ఎగ్గట్టిన పెద్దమనుషులు కొందరు ముందు నుంచి లాగుతూ, కొందరు వెనక నుంచి తోస్తూ ఒకటే పరుగు. రొప్పుతుంటే నినాదాలు సగంలోనే తెగిపోతున్నాయి. షాపులవాళ్లు బయటికొచ్చి మరీ చూశారు. సిగ్గుతో తల వంచుకున్నాను. కానీ మలుపు వచ్చిన ప్రతిసారీ "అమ్మాయి జాగర్త, అమ్మాయి జాగర్త" అని వాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటుంటే ఆ సిగ్గు ఎటో పోయింది. వాళ్లందరి మీదా ప్రేమ పుట్టుకొచ్చింది.

గేటు మూయబోతుండగా చేరాం. పరీక్ష రాస్తున్నంతసేపూ బయట ఒక్క కేక వినబడలేదు. వెళ్లిపోయారనుకున్నాను.

బయటికొచ్చి చూస్తే అందరూ గోడ నీడన కూర్చుని ఉన్నారు. పిల్లలు రాసుకుంటున్నారు, ఎవరూ నోరు విప్పకూడదని పెదనాన్నగారు కట్టడి చేశారట.

"ఎలా రాసేవమ్మా?"

"పాసైపోతాను పెదనాన్నగారూ."

ఆయన కండువాతో మొహం తుడుచుకుని లేచారు. నా తల నిమిరి, వాళ్ల వైపు తిరిగి, "ఇంక అరవచ్చండి" అన్నారు.

వీధి దద్దరిల్లిపోయింది. ఆ కేకల్లో నా గొంతూ ఉంది.