చెయ్యి ఇంకా తేల్చలేదు

మా మాస్టారికి ఉన్నది ఒక్కటే జబ్బు. చెయ్యి పెట్టి చూడందే దేన్నీ నమ్మరు. మేం పనిచేసే కంపెనీ కంప్యూటర్ కేబినెట్లు తయారుచేస్తుంది. అంటే టేబుల్ మీద పెట్టే కంప్యూటర్‌కి పైడబ్బా అన్నమాట. ఆ డబ్బా లోపలి వేడిని బయటికి పోనిస్తుందో లేదో తేల్చడం మాస్టారి పని. అందుకోసం గదిలో మూడు థర్మామీటర్లున్నాయి. మాస్టారు మూడూ చూసేవారు, నోటుబుక్కులో రాసుకునేవారు, ఆ తర్వాత కుడిచేతి వెనకభాగాన్ని డబ్బా మీద ఆనించి కళ్ళు మూసుకునేవారు. అలా ఎంతసేపుంటారో ఆయన ఇష్టం. ఆయన గదిలో లేనప్పుడు అందరం ఆయన్ని జ్వరం మాస్టారు అనేవాళ్ళం.

నేను అదే గదిలో రిపోర్టులు టైపు చేసేదాన్ని. పదకొండేళ్ళు ఆ చేతిని భరించాను. టీ వచ్చినా దానిమీద చెయ్యి, కిటికీ అద్దం మీద చెయ్యి, కొత్తగా వచ్చిన కుర్చీ మీద కూడా చెయ్యే. ఒకసారి మీటింగులో మేనేజరు గారు మా అందరినీ దులిపేస్తుంటే మాస్టారు నెమ్మదిగా లేచి వెళ్ళి, ఆయన నుదుటిమీద చెయ్యి ఆనించి, "మామూలుగానే ఉందండీ, కానివ్వండి" అని వచ్చి కూర్చున్నారు. ఆ మీటింగు అక్కడితో ఆగిపోయింది.

ఇందులో మేనేజరు గారు చేయగలిగింది కూడా ఏమీ లేదు. రిపోర్టు ఫారంలో అడుగున ‘చేతి పరీక్ష’ అని ఒక గడి ఉంది. అది ఎప్పుడో మాస్టారే పెట్టించారు. ఆ గడి నిండితేనే అది రిపోర్టు, లేకపోతే ఉత్త కాగితం. కంపెనీ నియమం ఇంకా గట్టిది. ఒక డిజైనుకి ఒకటే రిపోర్టు. ఫెయిలని రాస్తే ఫైలు మూసేస్తారు, మళ్ళీ తెరవరు.

అలాంటి గదిలోకి ఒక సోమవారం కొత్తమ్మాయి వచ్చింది. డిజైన్ విభాగంలో చేరి ఐదు నెలలైంది, ఆ నెలాఖరుకి ఆమె ఉద్యోగం ఖాయం చేయాలో ఇంటికి పంపాలో తేల్చాలి. తెచ్చింది అల్యూమినియం కేబినెట్, ఆమె మొదటి డిజైను. రెండు వేళ్ళతో ఎత్తి చూపించింది. మా పాత ఇనప డబ్బాలు ఎత్తి నడుం పట్టేసినదాన్ని కాబట్టి నాకు ముచ్చటేసింది. రెండు ఫ్యాన్లు పెట్టాననీ, లోపల చల్లగా ఉంటుందనీ ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఇది పాసైతేనే ఉద్యోగం నిలుస్తుందట. ఇప్పటికే రెండుచోట్ల నిలవలేదని వాళ్ళమ్మ రోజూ ఫోన్లో దెప్పుతోందట.

మాస్టారు లోపల కంప్యూటర్ బిగించి, దానికి నాలుగు గంటలు ఊపిరి సలపని పని అప్పజెప్పారు. డబ్బా కంతల దగ్గర పల్చటి కాగితం ముక్కలు వేలాడదీసి గాలి ఎటు పోతోందో చూశారు. నోటుబుక్కులో ఏదో రాసి మూశారు. తర్వాత చెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నారు. ఎంతకీ తెరవరు. కొత్తమ్మాయి నావైపు చూసింది, నేను గోడవైపు చూశాను.

"చెయ్యి ఇంకా తేల్చలేదు తల్లీ," అన్నారు చివరికి. "రేపు చూద్దాం."

ఆ రేపు పన్నెండు రోజులు సాగింది. మాస్టారు రోజూ చెయ్యి పెట్టడం, ఏదో ఒక వంక గొణగడం, ఇంకా తేల్చలేదనడం. రెండో రోజు కాగితం ముక్కలు చూస్తూ, ఈ ఇంటికి వచ్చేవాళ్ళే గాని పోయేవాళ్ళు లేరని తనలో తనే అనుకున్నారు. ఆ పిల్ల రుసరుసలాడుతూ డబ్బా పట్టుకుపోయింది. విప్పి చూసుకుంటే రెండు ఫ్యాన్లూ గాలిని లోపలికే లాగుతున్నాయి. ఒకదాన్ని తిప్పి బిగించి తెచ్చింది. ఐదో రోజు, పాపం దీనికి కింద ఊపిరాడటం లేదన్నారు. అడుగున పొట్టి కాళ్ళు పెట్టి, కంతలు పెంచింది. రేకు పల్చనిది కావడంతో ఫ్యాను తిరిగినప్పుడల్లా డబ్బా గజగజలాడుతోందని తొమ్మిదో రోజు గొణిగారు. రబ్బరు ముక్కలు వేసి తెచ్చింది.

పదో రోజు ఆ పిల్ల కారిడార్లో నన్ను పట్టుకుంది, ఏడుపు ఒక్కటే తక్కువ. ఆ ముసలాయనకి తనంటే పడదనీ, కావాలనే తన ఉద్యోగం ఊడగొడుతున్నాడనీ అంది. నాకూ ఒళ్ళు మండింది. ఆ సంవత్సరం మేనేజరు గారి బావమరిది పంపిన రంగుదీపాల డబ్బాకి మాస్టారి చెయ్యి అర నిమిషంలో ఫెయిలని తేల్చింది. ఆ డబ్బాకి లేని అనుమానాలు ఈ పిల్ల డబ్బాకే ఎందుకో నాకు అర్థం కాలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం మాస్టారు చెయ్యి తీసి, బాగానే ఉంది, పాస్ అని రాసుకోమన్నారు. ఏదో ఘనకార్యం చేసినట్టు భోజనానికి వెళ్ళిపోయారు. టైపు చేయడానికి అంకె కావాలని నేను ఆయన నోటుబుక్కు తెరిచాను. లోపలి వేడి ఎనభై డిగ్రీలు దాటకూడదు. ఆ రోజు అంకె డెబ్బై నాలుగు. వేలు అలా పైకి పోయి మొదటి రోజు మొదటి గంట దగ్గర ఆగింది. తొంభై ఒకటి.

ఆ డబ్బా మొదటి రోజే, మొదటి గంటలోనే ఫెయిలైంది. అందులో చెయ్యి తేల్చాల్సింది ఏమీ లేదు.

ఆయన భోంచేసి రాగానే నోటుబుక్కు ముందు పెట్టాను. ఆయన దాన్ని మూసి సొరుగులో పెట్టారు. మరి ఇన్నాళ్ళూ చెయ్యి ఏం చూసిందని నిలదీశాను.

"ఈ చెయ్యా?" అని ఎవరిదో అన్నట్టు దానివైపు చూశారు. "దీనికి స్పర్శ లేదమ్మా. వెనకటి ఫ్యాక్టరీలో రేకు జారిపడి ఇక్కడ నరం తెగింది. ఇరవై రెండేళ్ళయింది. వేడి, చల్లన ఏదీ తెలీదు."

నాకు టీ గుర్తొచ్చింది, మేనేజరు గారి నుదురు గుర్తొచ్చింది.

"థర్మామీటర్ చెప్పిందంటే అయిపోయినట్టే. రాయాల్సిందే," అన్నారు మాస్టారు. "చెయ్యి అయితే రేపు చూద్దాం అనొచ్చు. ఆ పిల్లకి పని వచ్చమ్మా. నాలుగు రోజులు వ్యవధి కావాలి, అంతే."

ఆ ముక్క ఆమెతోనే చెప్పచ్చు కదా అంటే, పరీక్షించేవాడు డిజైను నేర్పకూడదని నియమం ఉందనీ, తను నేర్పలేదనీ, గొణిగాననీ అన్నారు. నాకు కళ్ళు చెమర్చాయి. ఆయన చూస్తే చెయ్యి పట్టుకొస్తారని గబగబా టైపు చేయడం మొదలుపెట్టాను.

నెలాఖరుకి ఆ పిల్లకి ఉద్యోగం ఖాయమైంది. ఆ కాగితం పట్టుకుని మా గదికే వచ్చింది. కృతజ్ఞత చెప్పడానికి కాదు, కడిగెయ్యడానికి. ఆయన చేతిని గెలిచిన డబ్బా తనదొక్కటేనంది. పన్నెండు రోజులు తనకి నిద్ర లేదంది. మాస్టారు తల వంచుకుని అన్నీ విన్నారు.

"ఏమీ అనుకోకండి మాస్టారూ," అంది చివరికి. "మీ చేతిని ఒక్కసారి మరిగే నీళ్ళలో ముంచితేగాని దారికి రాదు."

మాస్టారు చాలా గంభీరంగా ఆలోచించారు. చొక్కా చెయ్యి పైకి మడిచి, కుడిచేతిని ఆమె ముందుకు చాపారు.

"ముంచు తల్లీ, నాకేం అభ్యంతరం లేదు."

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తాను. ఇందులో అంత నవ్వాల్సిందేముందని ఆ పిల్ల వారం రోజులు నాతో మాట్లాడలేదు.