ఇనుము కలిపిన నీళ్లు

మా షెడ్డులో మట్టి ఉండదు. తెల్లటి గొట్టాల్లో నీళ్లు పారుతుంటాయి, మొక్కల వేళ్లు అందులో వేలాడుతుంటాయి. మొక్కకు కావాల్సినవన్నీ ఆ నీళ్లలోనే కలపాలి. కలిపే మనిషిని అందరం నీళ్లక్క అనేవాళ్లం. నేను పక్క గదిలో ఆకుకూర కోసి పెట్టెల్లో సర్దేదాన్ని. పెట్టె మీద ‘ఇనుము ఎక్కువ’ అని పెద్దక్షరాలతో ఉండేది. ఆ ఎక్కువంతా అక్క చేతి చలవే.

పొద్దున్నే రాగానే మీటరు ముంచి నీళ్ల పులుపు చూసేది. ఎర్రటి ఇనుము పొడిని తూచి డ్రమ్ములో పోసేది. నీళ్లు పాలు పొయ్యని టీలా ఎర్రగా తిరిగేవి. తూకంలో గ్రాము తేడా వచ్చినా ఒప్పుకునేది కాదు. అంత చేసీ, చివరికి ఆమె నమ్మేది మీటరును కాదు, తన కళ్లను. లేతాకు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తే చాలు, “దీనికి ఇనుము అందట్లేదే” అని మోతాదు పెంచేది. వారం తిరక్కుండా కొత్తాకు నిగనిగలాడుతూ వచ్చేది. పదకొండేళ్లలో ఒక్కసారీ గురి తప్పలేదు. ఆ గురే ఆమె కొంప ముంచింది.

అక్కకు ఒక్కతే కూతురు, అప్పటికి ఆరో తరగతి. మొహంలో రక్తం చుక్క ఉండేది కాదు, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది. వీధి చివరి క్లినిక్కులో నర్సు, “రక్తం తక్కువుంది, ఇనుము ఉన్నవి తినిపించు” అంది. మాత్రలిస్తే పిల్ల కక్కేసేది.

“మాత్రలెందుకే, నా చేతిలో పనేగా!” అంది అక్క.

అంచు చిరిగిన ఆకును అమ్మరు, పనివాళ్లు తీసుకెళ్లొచ్చు. అక్క కోసం నేనే ముదురు రంగువి ఏరి సంచిలో కుక్కేదాన్ని. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

“తింటోందా అక్కా?”

“‘నేనేమైనా మేకనా అమ్మా’ అంటుంది. ముక్కు మూసుకుని తినేస్తుంది పాపం.”

మూడేళ్లు, రోజూ ఇదే. పిల్ల ఇంకాస్త పాలిపోయినట్టు కనిపిస్తే అక్క ఇంకో పిడికెడు వేసేది. మొక్కకు ఎలా పెంచేదో పిల్లకూ అలాగే పెంచింది.

ఒకరోజు పిల్ల బడి మెట్ల మీద పడిపోయింది. పెద్దాసుపత్రికి అక్క వెంట నేనూ వెళ్లాను. అన్ని పరీక్షలూ అయ్యాక డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది.

“ఇది పుట్టుకతో వచ్చిన రక్తం జబ్బమ్మా. ఈ పిల్లకు ఇనుము తక్కువ కాలేదు, ఎక్కువైంది. ఒంటికి అక్కర్లేనిదంతా కాలేయంలో, గుండెలో పేరుకుపోయింది. ఇనుము మందులేమైనా ఇస్తున్నారా?”

అక్క చేతులు వెనక్కి పెట్టుకుంది. నోరు ఊరుకోక ఆకు సంగతి నేనే చెప్పాను.

“తిండి తక్కువైనా ఈ జబ్బు ఇనుము దాస్తూనే ఉంటుంది. ఆకు వల్ల ఎంత చేరిందో చెప్పలేను. గుండె తట్టుకుంటుందో లేదో అదీ ఇప్పుడే చెప్పలేను” అంది డాక్టరమ్మ.

గ్రాము తేడా ఒప్పుకోని మనిషికి ‘ఎంతో చెప్పలేను’ అన్న మాట మింగుడుపడలేదు. వరండాలో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“పారేసే ఉంటుందే. ఆ చేదాకు ఏ పిల్ల తింటుంది చెప్పు? నేనిటు తిరగ్గానే చాటుగా పారేసే ఉంటుంది.”

“అంతే అక్కా, పిల్లలు అంతే” అన్నాను. అలాగే జరిగి ఉండాలని నేనూ మొక్కుకున్నాను.

పిల్ల పొట్ట మీద సన్నటి సూది గుచ్చి, చిన్న పంపుతో మందు ఎక్కించారు. మర్నాడు నర్సు మూత్రం సంచి మారుస్తుంటే ఎర్రగా కనిపించింది. “భయపడకండి, మందు పనిచేస్తోంది. ఇనుము దిగుతోంది” అంది నర్సు.

అక్క భయపడలేదు. ఆ రంగును గుర్తుపట్టింది. రోజూ డ్రమ్ములో చూసే రంగే అది. అలా చూస్తూ నిలబడిపోయింది.

పిల్ల కళ్లు తెరిచింది. తల్లి మొహం చూసి, తిడుతుందనుకుందో ఏమో, దగ్గరికి రమ్మని చెయ్యి ఊపింది.

“నువ్వు పెట్టిందంతా తిన్నానమ్మా. ఒట్టు. ఒక్కాకు కూడా పారేయలేదు.”

అని, తల్లి మెచ్చుకుంటుందేమోనని ఆమె మొహంలోకే చూస్తూ పడుకుంది.