దీపం పెట్టని వేళ

ఎన్నూరులో లారీలు పోయే రోడ్డు పక్కన భువనేశ్వరి ఇడ్లీ బండి. పొద్దున ఇడ్లీల మీద కప్పిన తెల్లగుడ్డ ఎండెక్కేసరికి బూడిదరంగుకు తిరుగుతుంది. కరెంటు తయారీ కేంద్రం పొగగొట్టాల నుంచి గుడ్డమీద పడిన బూడిదను ఉతుక్కోవచ్చు. అత్త కోకిల ఊపిరితిత్తుల్లో పడినదాన్ని ఎవరు ఉతుకుతారు?

నిరుడు నర్సింగ్ కాలేజీ నుంచి నివేదిత వచ్చింది. ఈ వీధి ఆడవాళ్ల ఆయాసం మీద పరిశోధన. మీ మీద కాదు, మీతో కలిసి చేస్తానంది. అలా అన్నవాళ్లు అంతకుముందు లేరు గనక భువనేశ్వరి ఆమె వెంట ఇంటింటికీ తిరిగింది. చిన్న గొట్టంలో గట్టిగా ఊదితే ఊపిరి బలమెంతో ముల్లు చూపుతుంది. అంతే పని.

మొదటి సాయంత్రం ఒక్కరూ ఊదలేదు. తప్పు భువనేశ్వరిదే. ఆడవాళ్లు ఇల్లు చేరే వేళ కదా అని, దీపాలు పెట్టాక నివేదితను తీసుకొచ్చింది. వెలిగే దీపం ఉన్నచోట నోటితో ఊదితే ఇంటికి కీడని ఆ వీధి నమ్మకం. అదే వీధి కోడలై ఉండీ ఆ సంగతే మరిచింది. నివేదిత నవ్వలేదు, వాదించలేదు. మర్నాటినుంచి ఎండ ఉండగానే బస్సు దిగేది. ముందు ఊదింది కోకిలే. ముల్లు సగానికి కూడా జరగలేదు.

"ఈ గొట్టానికి నాకంటే ఆయాసం జాస్తిగా ఉండాదే" అని ముసలామె అంటే వాకిలంతా నవ్వింది.

పని ముగిసిన రోజు నివేదిత మాటిచ్చింది. తేలిందేమిటో ముందు ఈ వీధికే చెప్తాను, అది చూపించి వారం వారం ఇక్కడికో నర్సు రావాలని అందరం కలిసి అడుగుదాం అని.

వానలు వచ్చి పోయాయి. భువనేశ్వరి ఫోన్ చేస్తే, పరిశోధనల పత్రికలో అచ్చయ్యేదాకా బయటపెట్టొద్దని కాలేజీలో అంటున్నారక్కా అంది నివేదిత, గొంతు తగ్గించి. పేదల ఒంట్లోంచి తీసుకున్నదాన్ని పేదలకు చెప్పడానికి ఎవరి అనుమతి కావాలి?

"మన ఊపిరి మూటగట్టుకోని పోయిందే మీ నర్సమ్మ" అని నీళ్ల కొళాయి దగ్గర వెంకటలక్ష్మి దెప్పుతుంది. భువనేశ్వరి బిందె ఎత్తుకుని వచ్చేస్తుంది. వచ్చిన రోజుల్లో నివేదిత గడప మీద కూర్చుని, మిగిలిన ఇడ్లీ తుంచుకుంటూ, అత్త దగ్గును ఎవరో మాట్లాడుతుంటే విన్నట్టు వినేది. ఆ ఇంట్లో ఆ దగ్గును అలా విన్నవాళ్లు మరొకరు లేరు.

ఇప్పుడు సాయంత్రమైతే ప్రమిద కడిగి, నూనె పోసి, వత్తి వేసి, భువనేశ్వరి అగ్గిపెట్టెతో గడపలో కూర్చుంటుంది. చుట్టూ ఇళ్లలో దీపాలు వెలుగుతాయి.

"మసకబడిందే, దీపం పెట్టవా?" లోపల్నుంచి కోకిల, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ.

"ఉండత్తా. ఇంకో బస్సు ఉండాది."

బస్సు వచ్చింది. అంబత్తూరు ఫ్యాక్టరీల నుంచి వచ్చేవాళ్లు దిగి, ఎవరిళ్లకు వాళ్లు పోయారు. భువనేశ్వరి పుల్ల తీసింది.

"ఆ బిడ్డ వస్తే ఈతూరి గట్టిగా ఊదతా" అంది కోకిల.

భువనేశ్వరి పుల్లను మళ్లీ పెట్టెలో పెట్టేసింది.