తోకపిట్ట పోయాకే బొంత ఉతకాలి

ఈ ఉదయం డాబా మీద నీళ్ల ట్యాంకు కింద తోకపిట్ట కనిపించలేదు. చలికాలమంతా అక్కడి తడిలో తోకాడిస్తూ తిరిగి, ఉత్తరాదికి వెళ్లిపోయింది.

నాంపల్లిలో పెరిగిన నా ఈడువాళ్లకు ఆ పిట్ట గుర్తుందా? చిన్నప్పుడు, ఎండలు మొదలైనా, పిట్ట పోతేనే చలి పోయినట్టని మా నాయనమ్మ బొంతలు ఉతకనిచ్చేది కాదు. "పిట్టనే పోలేదు, నీకేం తొందరనే? దానికన్నా నీకెక్కువ ఎరుకనా?" అని నన్ను ఎగతాళి చేసేది.

ఆమె జనవరిలో పోయింది. ఆమె కప్పుకున్న బొంతలో నొప్పుల మందు వాసన ఇంకా ఉంది.

"పిట్ట పోయిందానే? బొంత నానబెడ్తా," అని అమ్మ కింది నుంచి అడిగింది.

"లేదమ్మా, గీడనే ఉంది," అన్నాను.

చివరి రెండేళ్లు నాయనమ్మకు చూపు లేదు. పిట్ట ఉందో పోయిందో రోజూ నేనే డాబా ఎక్కి చూసి చెప్పేదాన్ని.