సీరియస్ కబురు

పోయిన నెల మా పాప ఇంగ్లిష్ హోంవర్క్ చేస్తూ, "అమ్మా, సీరియస్ అంటే ఏంటి?" అని అడిగింది. తీవ్రం, గంభీరం, ముఖ్యం... బడిలో నేర్చుకున్నవన్నీ చెప్పాను. ఇంట్లో నేర్చుకున్నది మాత్రం చెప్పలేదు.

మన ఈడు వాళ్లకు గుర్తుండాలి, వాడకట్టు మొత్తానికి ఒకటే ఫోన్ ఉన్న రోజులు. హనుమకొండలో మాకది కిరాణా సేటు ఇంట్లో పూలకుట్టు గుడ్డ కప్పుకొని ఉండేది. ఒక పొద్దున సేటు మా గడప దాకా వచ్చి, "చెల్లె, కేసముద్రం నుంచి ఫోనొచ్చింది. మీ బాపుకు సీరియస్ ఉన్నదట" అన్నాడు.

ఏం జబ్బని గానీ, ఏ దవాఖాన అని గానీ అమ్మ అడగలేదు. అన్నం ఉడుకుతున్న స్టవ్ ఆర్పేసింది.

"తాతకు తగ్గుతది కదమ్మా?"

"చెప్పులేస్కో బిడ్డా."

సగం ఉడికిన బియ్యం వాసన బస్సులో కూడా నన్ను వదల్లేదు. చావు కబురు ఫోన్‌లో చెప్పరని, దానికి బదులు ఆ మాట అంటారని మేం తాత ఇంటి వాకిట్లోకి పోయాకే తెలిసింది.

హోంవర్క్ అయిన వారానికి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మకు జర సీరియస్ ఉన్నది. జల్ది రా."

"అమ్మమ్మ ఏ హాస్పిటల్‌లో ఉంది?" అని పాప అడుగుతూనే ఉంది.

నేను లేచి స్టవ్ ఆర్పేశాను.

"చెప్పులేస్కో బిడ్డా."