ఎల్లమ్మ పట్నంలో అక్కకు చోటు

వనపర్తిలో నేను ధ్యానం నేర్చుకోవడానికి వెళ్లిన చోటు ఒక ఫంక్షన్ హాలు పై అంతస్తు. బీపీ పెరిగింది, రోజూ కాసేపు ప్రశాంతంగా కూర్చోమని డాక్టరు చెబితే చేరాను. కింద నుంచి పెళ్లి వంటల పోపు ఘాటు, రోడ్డు మీద ఆటోల హారన్లు. ఎదురుగా గోడకు ఒక గుండ్రటి రంగుల బొమ్మ. దాన్ని మండలం అంటారట. నాలుగు దిక్కులా నాలుగు వాకిళ్లు, లోపల వలయాలు, నట్టనడుమ ఒక చుక్క. చూపును అంచు నుంచి మెల్లగా లోపలికి నడిపిస్తూ, ఒక్కో వలయం దాటినప్పుడు ఒక్కో చింతను వదిలేయాలని నేర్పే మేడమ్ చెప్పింది. నేను మొదటి వాకిట్లోనే ఇరుక్కుపోయేదాన్ని. బడిలో దిద్దాల్సిన లెక్కల పేపర్లు గుర్తొచ్చేవి, తర్వాత అక్క గుర్తొచ్చేది. అక్క గుర్తొస్తే ఇక చుక్కా లేదు, వలయమూ లేదు.

మా అక్క కొత్తకోటలో ఉంటుంది. హైవే పక్కన లారీలు బాగుచేసే షెడ్డు నడిపిన మా బావ ఈ ఎండాకాలంలో గుండె ఆగి పోయాడు. అప్పటినుంచి అక్క అడిగినదానికి జవాబు చెప్పడం తప్ప తనంతట తాను మాట్లాడటం మానేసింది.

ఒకరోజు మేడమ్ ఇంకో సంగతి చెప్పింది. మండలం అంటే దేవతకు కట్టిన ఇల్లట. కొన్నిచోట్ల సన్యాసులు రంగు ఇసుకతో రోజుల తరబడి దాన్ని పరిచి, పూజ ముగిశాక తామే చెరిపేస్తారట. పట్టుకోవడం కాదు, విడిచిపెట్టడం నేర్చుకోవాలని. అందరూ మెచ్చుకోలుగా తలలాడించారు. నాకు ఒళ్లు మండింది. ఇదంతా మేం పుట్టినప్పటినుంచి చూస్తున్నదే కదా. మా ఇంట్లో ఎల్లమ్మకు పట్నం వేస్తారు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఎండిన ఆకుల పొడి, బొగ్గు పొడితో, ఎల్లమ్మ పూజలు చేసే బైండ్లాయన నేల మీద అమ్మవారికి వాకిళ్లతో సహా ఇల్లు కడతాడు. జమిడిక వాయించి ఆమెను పిలుస్తాడు, ఆమె కథ పాడతాడు. చివర జమిడిక వాయిస్తూనే దాన్ని కాళ్లతో తొక్కి చెరిపేస్తాడు. నేను లేచి ఈ మాటే చెప్పాను. మేడమ్ నవ్వి, అది జానపద కళ, ఇది సాధన అంది. ఆ పూట నా బీపీ ఎంత ఉందో చూసుకోలేదు.

తమ్ముడు ఖిల్లా ఘణపూర్ దగ్గర కొత్తిల్లు కట్టుకుని పట్నం పెట్టుకున్నాడు. మా ఇంట్లో ఒక వాడుక ఉంది. బైండ్లాయన మొదలుపెట్టాక ఇంటి ఆడబిడ్డలు కూడా పట్నం తొక్కాలి, పెద్దది ముందు. అమ్మ పోయాక రంగులు చేసే పని కూడా అక్కదే. ఫోన్ చేస్తే అప్పటికే తంగేడాకు ఎండబెట్టానని చెప్పింది. ఎన్నో నెలల తర్వాత తనంతట తాను ఒక మాటంది: "పట్నం తొక్కొస్తే నాకు జర నిమ్మలమైతదేమో."

ఆ మాట పట్టుకునే నేను వెళ్లాను. కానీ మా మేనత్త అంతకంటే ముందే వచ్చి కూర్చుంది. ఇంట్లో పెద్దదిక్కు ఆమే. పట్నం వేసే గది గడప దగ్గర కుర్చీ వేసుకుని, అక్క రంగుల గిన్నెలు తెస్తుంటే బయటే అందుకుని లోపలికి ఇచ్చింది. మొగుడు పోయి ఏడాది నిండని మనిషి పట్నంలో అడుగు పెట్టొద్దంది. అక్క సరేనని వంటింట్లోకి వెళ్లి పులిహోరకు చింతపండు పిసకడం మొదలుపెట్టింది. అత్త మీద ఎంత కోపం వచ్చిందో, ఆ సరే అన్నందుకు అక్క మీద కూడా అంతే వచ్చింది.

"రంగులన్నీ అక్క చేతివే గద అత్తమ్మా. వాటికి లేని అడ్డం అక్కకెందుకు?" అన్నాను.

"రంగులు వేరు, మనిషి వేరు. కొత్తిల్లు, తెల్వదా నీకు?" అంది అత్త.

తమ్ముడి వైపు చూస్తే వాడు షామియానా వాళ్లతో ఏదో అర్జెంటు పని గుర్తొచ్చినట్టు బయటికి నడిచాడు. బైండ్లాయనను అడిగితే, అమ్మవారికి అందరూ బిడ్డలేనమ్మా, మీ ఇంట్లో మాట మీరే తెంపుకోవాలె అని తిరిగి పిండి చల్లడంలో పడ్డాడు. వంటింట్లోకి వెళ్లి అక్క చెయ్యి పట్టి లాగాను. గొడవ వద్దని నన్నే కసిరింది.

పట్నం చాలా అందంగా కుదిరింది. నాలుగు వాకిళ్లు, నడుమ అమ్మవారు, మూలల్లో దీపాలు. నేను దాన్ని సరిగ్గా చూడనైనా లేదు. జమిడిక ఊపందుకుంది. ఆడబిడ్డలు రండని పిలిచారు. నేను కదల్లేదు. అక్క లేకుండా తొక్కనన్నాను. అత్త నావైపు కూడా చూడకుండా బాబాయి కూతుళ్లను ముందుకు తోసింది. వాళ్లు తొక్కారు. పసుపు, ఎరుపు, పచ్చ కలగలిసిపోయాయి. బైండ్లాయన అమ్మవారిని సాగనంపే పాట పాడి, దీపాలు తీసి, జమిడిక పక్కన పెట్టాడు.

అప్పుడు అత్త వంటింటి వైపు తిరిగి, "ఇగ రావొచ్చు బిడ్డా. చీపురు తెచ్చి గిదంత జర ఎత్తు" అంది. ఆ మాటలో ఏ కపటమూ లేదు. ప్రేమగానే పిలిచింది. అందుకే నాకు మరీ కోపమొచ్చింది.

అక్క చీపురుతో వచ్చింది. గడప దగ్గర ఆగి కాసేపు నేల వంక చూసింది. చీపురు గోడకు ఆనించి, తిన్నగా నడిచి, రంగులన్నీ కలిసి బూడిదలా అయిన ఆ నడుమ భాగంలో రెండు కాళ్లు ఆనించి నిలబడింది. అత్త ఏదో అనబోయింది.

"సచ్చింది ఆయన, అత్తమ్మా. నేను గాదు," అంది అక్క.

అక్క నిమ్మలంగా తొక్కింది, అన్ని మూలలూ. నాకు సంతోషం కలగాలి కదా, కలగలేదు. ఏడుపొచ్చింది. అక్క అంత ధైర్యం చేసి లోపలికి వచ్చేసరికి, నేల మీది ఆ రంగుల ఇంట్లో అమ్మవారు లేరు.